పాత నట్లు, బోల్టులతో బొమ్మలు చేసేవాళ్లకు

పాతసామాన్ల షాపులో తెచ్చిన బోల్టు వెండిలా మెరుస్తుంటే జింకు పూత ఉందనుకోండి. అలాగే వెల్డింగ్ పెడితే తెల్లటి పొగ వస్తుంది. అది పీలిస్తే రాత్రికి చలిజ్వరం రావచ్చు, పైగా అతుకంతా సన్నటి బొక్కలు పడుతుంది. ముందురోజు ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మునిగేదాకా తెల్ల వెనిగర్ పోసి, మూత పెట్టకుండా ఆరుబయట ఉంచండి. వచ్చే బుడగలు హైడ్రోజన్, దగ్గర్లో నిప్పు వద్దు. జోరు తగ్గి ఇనుము మసక బూడిద రంగుకు తిరిగితే పూత పోయినట్టే. లీటరు నీళ్లలో రెండు చెంచాల వంటసోడా కలిపి కడిగి, వెంటనే తుడిచి ఎండబెట్టండి, లేదంటే చూస్తుండగానే తుప్పు పడుతుంది. ఎంత కడిగినా బోల్టు మరచుట్ల సందుల్లో కొంత జింకు మిగులుతుంది కాబట్టి గాలి బాగా ఆడేచోటే వెల్డింగ్ చేయండి. బంగారు రంగు తిరిగిన పాత బోల్టుల జోలికి మాత్రం అసలు పోవద్దు. అది కాడ్మియం అనే విషపు లోహం పూత కావచ్చు, ఆ పొగ ప్రాణాంతకం.