ఖాళీ మధ్యలో ఉన్న సంఖ్యల వరుస: మాకు కుదిరిన పద్ధతి

4, 7, 12, __, 28, 39. ఆరో తరగతి చదివే మా అమ్మాయి చివరి సంఖ్య అడిగితే చెప్పేది, ఖాళీ మధ్యలో వస్తే ఆగిపోయేది. ఎక్కాలు, గుణకారం, ఊహించి రాయడం, ఏవీ లాభం లేకపోయాయి.

చివరికి సంఖ్యలను ఎడంగా రాయించి, కింద తేడాలు వేయించాను: 3, 5, ఖాళీ, ఖాళీ, 11. ఒక్క సంఖ్య పోతే రెండు తేడాలు పోతాయని అప్పుడే తనకి తట్టింది! 12 నుంచి 28కి 16. అంటే ఆ రెండు తేడాలూ కలిపి 16 కావాలి. మిగతావన్నీ బేసి సంఖ్యలే కాబట్టి 7, 9 వేసింది. 12కి 7 కలిపితే 19. 28లోంచి 9 తీసినా 19. ఈ వెనక నుంచి సరిచూడటం మాత్రం వదలకండి. పక్కనే 1, 4, 9, 16 రాస్తే నియమమూ దొరికింది: వర్గానికి 3 ఎక్కువ.

అన్నిటికీ ఇది పనిచేయదు. 2, 6, 18, 54కి తేడాలు కూడా మూడింతలవుతాయి, అక్కడ భాగించాలి. 1, 2, 4 అని మూడే ఇస్తే తర్వాతది 7 కావచ్చు, 8 కావచ్చు.