ఇంటి వైఫై పేరు మార్చడం: రౌటర్ పేజీ నుంచి సోలార్ ఇన్వర్టర్ దాకా

వైఫై పేరు మార్చడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ తర్వాత ఇంట్లో ఉన్న టీవీ, కెమెరా, ప్రింటరు, అలెక్సా, సోలార్ ఇన్వర్టర్ ఒక్కొక్కదాన్నీ కొత్త పేరు మీదికి తెచ్చుకోవడానికే ఒక పూట పడుతుంది. కాబట్టి పేరు బాగా ఆలోచించి ఒక్కసారే మార్చండి. పాస్‌వర్డ్ కూడా మార్చాలనుకుంటే అదే రోజు, అదే పేజీలో మార్చేయండి. ఈ వారం పేరు, వచ్చే వారం పాస్‌వర్డ్ అంటే ఆ చాకిరీ అంతా రెండుసార్లు చేయాలి.

పాత రౌటర్ తీసేసి కొత్తది పెట్టుకుంటున్నవాళ్లకు ఇక్కడే ఒక మాట. కొత్త రౌటర్‌కు పాత పేరు, పాత పాస్‌వర్డ్ అక్షరం పొల్లుపోకుండా ఇస్తే ఇంట్లోని వస్తువులన్నీ ఏమీ అడగకుండానే దానికి కలుస్తాయి. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, మధ్యలో ఖాళీలు, అండర్‌స్కోర్ అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. పేరు మొదట్లో పెద్ద ఆర్ ఉండాల్సిన చోట చిన్న ఆర్ పెడితే ఫోన్ లెక్కలో అది వేరే ఇంటి వైఫై. పాస్‌వర్డ్ వేరేవాళ్లకు తెలిసిపోయిందన్న అనుమానం లేకపోతే ఈ దారే మేలు.

ఏ పేరు పెట్టాలి

రౌటర్‌తో వచ్చిన పేరు అలాగే ఉంచేస్తే రెండు చిక్కులు. ఒకటి, అపార్ట్‌మెంటులో పది ఫ్లాట్లకు ఒకే కంపెనీ కనెక్షన్ ఉంటే పేర్లన్నీ ఒకేలా ఉండి చివరి నాలుగు అక్షరాలే తేడాగా కనిపిస్తాయి. ఇంటికొచ్చిన చుట్టాలు పక్కింటి పేరు నొక్కి, పాస్‌వర్డ్ పనిచేయడం లేదంటారు. రెండోది భద్రత. వైఫైకి తాళం వేసే డబ్ల్యూపీఏ2 పద్ధతిలో మీ పాస్‌వర్డ్‌నూ వైఫై పేరునూ కలిపి 4096 సార్లు లెక్క తిప్పితే అసలు తాళం తయారవుతుంది. ఎక్కువ ఇళ్లలో ఉండే మామూలు పేర్లకు ఈ లెక్కలను హ్యాకర్లు ముందే పట్టికలుగా కట్టిపెట్టుకోవచ్చు. మీ ఇంటికే ప్రత్యేకమైన పేరుంటే ఆ పట్టికలు పనికిరావు. అయినా అసలు కాపలా పాస్‌వర్డే. అది కనీసం 8, గరిష్ఠంగా 63 అక్షరాలు ఉండొచ్చు. పన్నెండుకు తగ్గకుండా పెట్టుకోండి.

పాస్‌వర్డ్ ముట్టుకోకుండా పేరొక్కటే మార్చినా వస్తువులన్నీ ఎందుకు ఊడిపోతాయో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. పేరు మారితే తాళం మారుతుంది. పైగా ఫోన్లు, టీవీలు వెతికేదే పేరును బట్టి.

పేరులో ఫ్లాట్ నంబరు, ఇంటిపేరు, ఫోన్ నంబరు వద్దు. వైఫై పేరు గోడలు దాటి వీధిలోకి వినిపిస్తుంది. కింద నిలబడ్డవాడికి ఎవరి సిగ్నల్ ఏదో చెప్పాల్సిన అవసరం మనకు లేదు. అపాస్ట్రఫీ, కోట్ గుర్తులు కూడా వద్దు. ఐఫోన్ కీబోర్డు నిలువు గుర్తు బదులు వంపు గుర్తు వేస్తుంది. చూడ్డానికి రెండూ ఒకటే అనిపిస్తాయి, రౌటర్‌కు మాత్రం వేర్వేరు. శాతం గుర్తు అసలే వద్దు. 2021లో శాతం గుర్తులతో ఉన్న ఒక పేరుకు కలిసిన ఐఫోన్లలో వైఫై మొత్తం పనిచేయకుండా పోయింది, ఆపిల్ తర్వాతి అప్‌డేట్‌లో దాన్ని సరిచేయాల్సి వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్, ఈ మూడిటితో సరిపెట్టుకుంటే ఏ వస్తువుతోనూ పేచీ రాదు.

తెలుగులో పెట్టుకోవచ్చా? పెట్టుకోవచ్చు, కానీ కొలత చూసుకోవాలి. వైఫై పేరుకు ఉన్న హద్దు 32 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు కాబట్టి 32 అక్షరాలు పడతాయి. తెలుగులో అచ్చు, హల్లు, గుణింతం గుర్తు, పొల్లు, సున్న ఒక్కోదానికి మూడేసి బైట్లు. ‘మా ఇల్లు’ తీసుకోండి. మ, దీర్ఘం, ఇ, ల, పొల్లు, మళ్లీ ల, కొమ్ము మొత్తం ఏడు, అంటే 21 బైట్లు. మధ్యలో ఖాళీకి ఒకటి. 22తో హాయిగా పడుతుంది. ‘శ్రీనివాసం’ 30 బైట్లతో అంచున ఆగుతుంది. ‘శ్రీనివాస నిలయం’ 43 బైట్లు, పట్టదు. కొన్ని రౌటర్ల పేజీలు తెలుగు అక్షరాలు కొట్టగానే ఎర్ర గీత చూపిస్తాయి, కొన్ని పాత టీవీలు పేరు బదులు పెట్టెలు చూపిస్తాయి. ఇంట్లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు మాత్రమే ఉంటే తెలుగు పేరు ముచ్చటగా ఉంటుంది, తప్పక పెట్టుకోండి. కెమెరాలు, స్మార్ట్ బల్బులు ఉంటే మాత్రం ప్రధాన వైఫైకి ఇంగ్లీషు పేరు, చుట్టాల కోసం అదే రౌటర్ విడిగా ఇచ్చే గెస్ట్ వైఫైకి తెలుగు పేరు ఇస్తే ఇబ్బంది ఉండదు.

ఫోన్లు లొకేషన్ కనిపెట్టడానికి చుట్టుపక్కల వైఫైలను వాడుకుంటాయి. గూగుల్ తన లెక్కలో మీ రౌటర్‌ను చేర్చుకోకూడదంటే పేరు చివర అండర్‌స్కోర్ పెట్టి, వెంటనే చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో నోమ్యాప్ (_nomap) అని చేర్చాలి.

ముందు జాబితా, తర్వాత లాగిన్

ఒక కాగితం తీసుకుని గది గది తిరిగి వైఫై వాడే వస్తువులన్నీ రాయండి. హాల్లో టీవీ, సెట్‌టాప్ బాక్స్, గేటు దగ్గర కెమెరా, ఏసీ, వాషింగ్ మెషీన్, ప్రింటరు, పిల్లల ట్యాబ్, మేడ మీద ఇన్వర్టర్. రౌటర్ పేజీలో కనెక్టెడ్ డివైసెస్ జాబితా ఉంటుంది, దాన్ని ఫోటో తీసి పెట్టుకుంటే మరిచిపోయినవి కూడా బయటపడతాయి. ఇంట్లో ఎవరైనా ఆఫీసు మీటింగులోనో ఆన్‌లైన్ పరీక్షలోనో ఉంటే అది అయ్యాకే మొదలుపెట్టండి.

కొన్ని కంపెనీల కనెక్షన్లకు రౌటర్ పేజీ దాకా వెళ్లనక్కర్లేదు. ఎయిర్‌టెల్, జియో వాళ్ల యాప్‌లలోనే వైఫై పేరు, పాస్‌వర్డ్ మార్చుకునే చోటు ఉంటుంది. టీపీ లింక్ రౌటర్ అయితే టెథర్ యాప్ ఉంది. మిగతావాటికి బ్రౌజరే దారి.

ఫోన్‌ను ఇంటి వైఫైకి కలిపి, మొబైల్ డేటా, వీపీఎన్ ఆపేయండి. ఆపకపోతే ఫోన్ రౌటర్‌ను వదిలేసి బయట ఇంటర్నెట్‌లో వెతికి, పేజీ రావడం లేదంటుంది. తర్వాత రౌటర్ అడ్రసు కావాలి. చాలావాటికి 192.168.1.1, టీపీ లింక్, డీ లింక్, టెండాల్లో తరచూ 192.168.0.1, జియో ఫైబర్‌కు 192.168.29.1. ఊహించే బదులు ఫోన్‌లోనే చూడొచ్చు. ఆండ్రాయిడ్‌లో వైఫై పేరు పక్కనున్న చక్రం గుర్తు నొక్కితే గేట్‌వే అని ఉంటుంది, ఐఫోన్‌లో ఐ గుర్తు నొక్కితే రౌటర్ అని ఉంటుంది. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) కొడితే డిఫాల్ట్ గేట్‌వే ఎదురుగా కనిపిస్తుంది.

ఆ అంకెలను బ్రౌజర్ పైన అడ్రసు గడిలోనే కొట్టాలి, గూగుల్ వెతుకు పెట్టెలో కొడితే ఏవేవో సైట్లు వస్తాయి. ఒకటి అంకె బదులు చిన్న ఎల్ అక్షరం కొట్టడం అందరూ చేసే పొరపాటు. ‘నాట్ సెక్యూర్’ అన్న హెచ్చరిక వస్తే కంగారు పడకండి. అది మీ ఇంట్లోని పెట్టె తాలూకు పేజీ, సర్టిఫికెట్ లేకపోవడం వల్ల బ్రౌజర్ అలా అంటుంది.

లాగిన్ పేరు, పాస్‌వర్డ్ రౌటర్ అడుగున ఉన్న స్టిక్కర్ మీద ఉంటాయి. వైఫై పాస్‌వర్డ్ వేరు, ఈ అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు. స్టిక్కర్ మీదది పనిచేయకపోతే కనెక్షన్ పెట్టిన కుర్రాడు మార్చి ఉంటాడు, అతన్నో కేబుల్ ఆపరేటర్‌నో అడగండి. ఏపీ ఫైబర్‌నెట్ లాంటి కనెక్షన్లకు ఆ ఆపరేటరే దిక్కు. ఈ దశలో పిన్నుతో రీసెట్ రంధ్రం మాత్రం పొడవకండి. సొంతంగా కొన్న రౌటర్ అయితే రీసెట్ తర్వాత మళ్లీ సెట్ చేసుకోవచ్చు. కంపెనీ ఇచ్చిన ఫైబర్ బాక్సులో ఇంటర్నెట్ లాగిన్ పేరు, వీల్యాన్ నంబరు లాంటివి కూడా చెరిగిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు వైఫై పేరు సంగతి పక్కన పెట్టి, నెట్ కోసమే మనిషి వచ్చేదాకా ఎదురుచూడాలి.

సేవ్ నొక్కే ముందూ తర్వాతా

లోపలికి వెళ్లాక వైర్‌లెస్, వైఫై, డబ్ల్యూలాన్, ఈ మూడిట్లో ఏదో ఒక పేరుతో మెనూ ఉంటుంది. అందులో ఎస్ఎస్ఐడీ అన్న గడే మీ వైఫై పేరు. పాతది చెరిపి కొత్తది రాయండి. చివర్లో ఖాళీ పడకుండా చూసుకోండి. ఫోన్ కీబోర్డు సూచన నొక్కితే తనంతట తానే ఒక ఖాళీ చేరుస్తుంది, అది కంటికి కనిపించదు, తర్వాత చేత్తో పేరు కొట్టాల్సిన వస్తువులు మాత్రం కలవవు.

అదే పేజీలో సెక్యూరిటీ గడి కూడా చూడండి. డబ్ల్యూపీఏ2 పర్సనల్ ఏఈఎస్, లేదా డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిసినది ఉండాలి. డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెడితే పాత టీవీలు, కెమెరాలు గేటు బయటే ఉండిపోతాయి. హైడ్ ఎస్ఎస్ఐడీ అన్న టిక్కు పెట్టకండి. పేరు దాచితే భద్రత పెరగదు. పైగా మీ ఫోన్ వెళ్లిన ప్రతిచోటా ఆ పేరు పిలుస్తూ తిరుగుతుంది.

రౌటర్ వైఫై ఇచ్చే రెండు బ్యాండ్లు, 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండిటికీ వేర్వేరు పేజీలు ఉంటే రెండుచోట్లా మార్చాలి. ఒకే పేరా, వేర్వేరా అంటే మా సలహా ఒకే పేరు. ఏది దగ్గరగా బాగా వస్తే ఫోనే దానికి మారుతుంది. కొన్ని స్మార్ట్ బల్బులు, కెమెరాలు మొదటిసారి కలిపేటప్పుడు 5 గిగాహెర్ట్జ్ చూసి తికమకపడతాయి. ఆ పది నిమిషాలు 5ను ఆపేసి, అవి కలిశాక మళ్లీ వేయండి.

సేవ్ నొక్కగానే పేజీ గిరగిర తిరిగి ఆగిపోతుంది. ఏదో పాడైందనుకుని మళ్లీ మళ్లీ నొక్కుతారు. జరిగింది ఇంతే: మీ ఫోన్ పట్టుకున్న పాత పేరు ఇప్పుడు గాలిలో లేదు, కాబట్టి పేజీతో మాట తెగిపోయింది. రెండు నిమిషాలు ఆగి, వైఫై జాబితాలో కొత్త పేరు నొక్కి కలవండి. 5 గిగాహెర్ట్జ్ పేరు ఇంకాస్త ఆలస్యంగా రావచ్చు. కొన్ని ఛానళ్లలో ముందు రాడార్ ఉందో లేదో ఒక నిమిషం విన్నాకే రౌటర్ ప్రసారం మొదలుపెట్టాలన్నది నియమం. ల్యాన్ కేబుల్‌తో ల్యాప్‌టాప్ కలిపి చేస్తే ఈ తెగడం ఉండదు, రెండు పేజీలూ నింపాదిగా మార్చుకోవచ్చు.

కొన్ని ఫైబర్ బాక్సుల్లో అప్లై నొక్కితే మార్పు అప్పటికే పనిచేస్తుంది గానీ శాశ్వతం కాదు. కమిట్ అండ్ రీబూట్ అన్న పేజీకి వెళ్లి అదీ నొక్కాలి. నొక్కకపోతే కరెంటు పోయి వచ్చాక పాత పేరే ప్రత్యక్షమవుతుంది. అందుకే పని అయ్యాక రౌటర్‌ను ఒకసారి ఆపి, వేసి, కొత్త పేరు నిలిచిందో లేదో చూసుకున్నాకే కాగితం మీద జాబితా పట్టుకోండి.

వస్తువులను మళ్లీ కలపడం

ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీ సులువు. జాబితాలో కొత్త పేరు ఎంచి పాస్‌వర్డ్ ఇస్తే సరి. పాత పేరును ఫర్గెట్ చేయండి.

రౌటర్ సిగ్నల్‌ను దూరపు గదులకు అందించే ఎక్స్‌టెండర్ ఉన్న ఇల్లయితే ముందు దాన్నే సరిచేయాలి. అది పాత పేరుతోనే ప్రసారం చేస్తూ ఉంటుంది, కానీ దాని వెనకున్న రౌటర్‌తో దానికి సంబంధం తెగిపోయింది. ఇంట్లోని ఫోన్లు అలవాటుగా దానికే అతుక్కుంటాయి, గీతలు నిండుగా కనిపిస్తాయి, నెట్ మాత్రం ఉండదు. రౌటర్ మీద, ఎక్స్‌టెండర్ మీద డబ్ల్యూపీఎస్ మీట ఉంటే ఒకదాని తర్వాత ఒకటి రెండు నిమిషాల లోపు నొక్కితే కలుస్తాయి. తర్వాత ఎక్స్‌టెండర్ సొంత పేరును కూడా కొత్తదానికి మార్చండి.

ఫైబర్ బాక్సుకు తోడు సొంత రౌటర్ కూడా ఉంటే రెండూ వేర్వేరు పేర్లతో వైఫై ఇస్తుంటాయి. మీరు రోజూ వాడే పేరు ఏ పెట్టెదో చూసి అందులో మార్చండి, రెండోదాని వైఫైని ఆపేయడం మంచిది.

కెమెరాలకు చాలావాటిలో యాప్‌లో వైఫై మార్చే చోటు కెమెరా ఆన్‌లైన్‌లో ఉన్నప్పుడే తెరుచుకుంటుంది. ఊడిపోయాక రీసెట్ మీట నొక్కి, క్యూఆర్ కోడ్ చూపించి మొదటినుంచీ కలపాలి. నిచ్చెన ఎక్కాల్సిన చోట ఉన్నవాటికి ఈ చికాకు తప్పించుకోవాలంటే ఒక ఉపాయం ఉంది. గెస్ట్ వైఫైకి పాత పేరు, పాత పాస్‌వర్డ్ ఇచ్చి 2.4లో నడిపితే కెమెరాలు అక్కడికే వచ్చి కలుస్తాయి. అలాగే వదిలేసినా ఇబ్బంది లేదు. పాత పాస్‌వర్డ్ బయటికి పొక్కి ఉంటే మాత్రం ఈ దారి పనికిరాదు.

మేడ మీద సోలార్ ఉంటే ఇన్వర్టర్‌కు గుచ్చిన వైఫై స్టిక్కును చాలామంది మరిచిపోతారు. పేరు మార్చిన రోజు నుంచి యాప్‌లో ఉత్పత్తి సున్నా చూపిస్తుంది. ప్యానెళ్లు పనిచేస్తూనే ఉంటాయి, మీటరు తిరుగుతూనే ఉంటుంది, లెక్క మాత్రం మీ ఫోన్‌కు చేరదు. స్టిక్కు సాధారణంగా 2.4 మాత్రమే పట్టుకుంటుంది. దానికీ ఒక సొంత వైఫై ఉంటుంది, పేరు, పాస్‌వర్డ్ స్టిక్కు ఒంటి మీదో పెట్టెలోని కాగితం మీదో ఉంటాయి. ఫోన్‌ను దానికి కలిపి, యాప్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్ తెరిచి మీ కొత్త పేరు, పాస్‌వర్డ్ ఇవ్వాలి. చాలా గ్రిడ్ ఇన్వర్టర్లు చీకటి పడితే నిద్రపోతాయి, వాటితోపాటు స్టిక్కు కూడా. అందుకని ఈ ఒక్క పనికీ సాయంత్రం దాకా ఆగకుండా, ప్యానెళ్ల మీద ఎండ ఉండగానే మేడ ఎక్కండి.