బత్తాయి తోటలో మినీ ట్రాక్టర్: రోటవేటర్ పని, రోజువారీ చూపు

తోటలో 20 నుంచి 25 హెచ్‌పీ మినీ ట్రాక్టర్‌ను ఎక్కువగా దెబ్బతీసేది బరువు కాదు, దుమ్ము. నల్గొండ, అనంతపురం వైపు బత్తాయి తోటల్లో చెట్టుకూ చెట్టుకూ 20 అడుగుల ఎడం ఉన్నా, గుబురు పెరిగాక బండి తిరిగే దారి ఇరుకవుతుంది. తన రోటవేటర్ (తిరిగే బ్లేడ్లతో నేల దున్నే పనిముట్టు) లేపిన దుమ్ములోనే రోజంతా తిరగాలి. పైగా చిన్న బండికి రేడియేటర్ నేలకు దగ్గరగా ఉంటుంది. ఎండుటాకులు, గడ్డి గింజలు తిన్నగా వచ్చి జాలీకి అతుక్కుంటాయి. పొద్దున తాళం తిప్పకముందు పది నిమిషాలు పెడితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

బండిని చదునైన చోట నిలిపి, చల్లగా ఉన్నప్పుడే ఇంజన్ ఆయిల్ చూడండి. డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్లీ పెట్టి తీస్తేనే సరైన కొలత తెలుస్తుంది. రెండు గీతల మధ్య ఉంటే చాలు. ఆయిల్ నల్లబడిందని కంగారు పడక్కర్లేదు, డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ కూడా కొద్ది గంటల్లోనే నల్లబడుతుంది. భయపడాల్సినవి రెండే. ఆయిల్ మట్టం తనంతట తాను పెరిగి డీజిల్ వాసన వస్తే ఛాంబర్‌లోకి డీజిల్ దిగుతోందని అర్థం. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి. ఈ రెండింటిలో ఏది కనిపించినా బండి స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ను పిలవండి.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయకండి. మన బోర్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. బిందెల అడుగున కట్టే తెల్లటి పొరే సన్నటి ట్యూబుల్లోనూ కడుతుంది, ఆపై ఎన్నిసార్లు కడిగినా వేడి తగ్గదు. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయండి. ముందున్న జాలీని రోజూ తీసి దులపండి. రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న చెత్తను ఇంజన్ వైపు నుంచి బయటికి ఊదాలి. ముందు నుంచి ఊదితే చెత్త ఇంకా లోపలికి పోతుంది. నడుస్తుండగా వేడి ముల్లు ఎర్ర గీతలోకి పోతే పీటీఓ (ఇంజన్ బలాన్ని వెనక రోటవేటర్‌కు అందించే ఏర్పాటు) ఆపి, బండిని నీడలో నిలిపి, కొన్ని నిమిషాలు బరువు లేకుండా తిరగనిచ్చి, అప్పుడు ఇంజన్ ఆపండి. ఆ వేడిలో మూత మాత్రం తీయొద్దు, మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి.

ఎయిర్ ఫిల్టర్ దగ్గర ఇంకాస్త ఓపిక కావాలి. ఆయిల్ బాత్ రకమైతే గిన్నె విప్పి చూడండి. అడుగున బురద పేరుకుంటే ఆయిల్ పారబోసి, డీజిల్‌తో కడిగి, గీత వరకు కొత్త ఇంజన్ ఆయిల్ పోయండి. గీత దాటితే ఇంజన్ ఆ ఆయిల్‌ను లాగేసుకుంటుంది. కాగితం ఫిల్టర్ ఉన్న బండికి డబ్బా కింద వేలాడే రబ్బరు మూతిని రోజూ నొక్కండి, పేరుకున్న దుమ్ము జలజలా రాలుతుంది. బయటి ఫిల్టర్‌ను లోపలి నుంచి బయటికి, 30 పీఎస్‌ఐ లోపు గాలితోనే ఊదాలి. పంక్చర్ షాపు గాలి దీనికి చాలా ఎక్కువ, కాగితం చిరుగుతుంది. ఊదాక సెల్‌ఫోన్ లైటు ఫిల్టర్ లోపల పెట్టి చీకట్లో చుట్టూ తిప్పి చూడండి. సూది మొనంత వెలుగు బయటికి వచ్చినా ఆ ఫిల్టర్ పారేయండి. లోపలి చిన్న ఫిల్టర్‌ను ఊదకూడదు, గడువుకు మార్చడమే.

ఇంకొక్క పరీక్ష ఉంది. ఫిల్టర్ నుంచి ఇంజన్‌కు పోయే రబ్బరు గొట్టం విప్పి లోపల వేలు పెట్టి రుద్దండి. వేలికి ముగ్గుపిండిలా మెత్తటి ఎర్రమన్ను అంటితే, దుమ్ము నేరుగా పిస్టన్ల దాకా వెళ్తోంది. ఫిల్టర్ కొత్తదే అయినా గొట్టం పగుళ్లు, వదులైన క్లిప్పు చూడండి. చాలాసార్లు దొంగదారి అక్కడే ఉంటుంది.

డీజిల్ సాయంత్రం పని ముగిశాక నింపండి. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే రాత్రి చల్లదనానికి లోపల తేమ నీరై దిగుతుంది. ట్యాంకు పూర్తిగా అయిపోయి గాలి పట్టిందా, డీజిల్ పోసి, ఫిల్టర్ పైన ఉండే బ్లీడ్ బోల్టును ఒకటిన్నర చుట్టు వదులు చేసి, చేతి పంపు కొట్టండి. మొదట నురగ, బుడగలు వస్తాయి. బుడగ లేని డీజిల్ ధార వచ్చాక బిగించి, సెల్ఫ్ కొట్టండి.

ఇక దున్నకం. ముందు నేల పదును, అంటే దున్నడానికి తగిన తేమ, చూడాలి. నాలుగు అంగుళాల లోతు మట్టి పిడికెడు తీసి ఉండ చేసి, నడుమెత్తు నుంచి వదలండి. పొడిగా చెదిరితే పదును వచ్చినట్టే. ముద్దగా నిలిస్తే ఆగండి. తడి రేగడిలో రోటవేటర్ తిప్పితే బ్లేడు కింద నేల నున్నగా, గట్టిగా అచ్చు పడుతుంది, నీళ్లు దిగవు.

రోటవేటర్ తగిలించేటప్పుడు ఇంజన్ ఆపి, ముందు ఎడమ లిఫ్టు ఆర్ము, తర్వాత కుడిది, ఆపైన నడుమ పైన ఉండే టాప్ లింకు, చివరగా పీటీఓ షాఫ్ట్. కొత్త బండికి పాత రోటవేటర్ జోడిస్తే షాఫ్ట్ పొడవు తప్పకుండా చూసుకోవాలి. పూర్తిగా సాగినప్పుడు కూడా లోపలి గొట్టం బయటి గొట్టంలో మూడో వంతు ఉండాలి. పూర్తిగా కుంచించుకున్నప్పుడు అంగుళం సందైనా మిగలాలి. సందు లేకపోతే లిఫ్టు ఎత్తినప్పుడల్లా షాఫ్ట్ బండి వెనక గేర్‌బాక్స్‌ను పొడుస్తుంది, బేరింగులు పోతాయి. రెండు చివర్ల ఫోర్కులు ఒకే వరుసలో ఉన్నాయా చూడండి, అడ్డదిడ్డంగా ఉంటే బండంతా వణుకుతుంది. లాక్ పిన్ పడిన చప్పుడు విని ఊరుకోకుండా, షాఫ్ట్‌ను చేత్తో లాగి చూడండి.

లోతు 3, 4 అంగుళాలు చాలు. బత్తాయికి తిండి అందించే సన్నటి వేళ్లు ఎక్కువగా పై అడుగు లోతులోనే ఉంటాయి. కొమ్మల నీడ పడేంత మేర యంత్రం పోనివ్వకండి, అక్కడి గరిక, తుంగ చేత్తో తీయించండి. మొదలుకు బంపర్ రాసుకున్న చోట బెరడు లేస్తే బంక తెగులు పట్టుకుంటుంది.

ఇంజన్‌ను మీటరు మీది 540 గుర్తు (పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరిగే చోటు) దగ్గర నిలిపి, వేగాన్ని గేరుతో తగ్గించండి. డీజిల్ మిగులుతుందని ఆక్సిలేటర్ తగ్గిస్తే బ్లేడు నరకదు, పెళ్లలు లేస్తాయి. నల్ల పొగ వస్తూ ఇంజన్ మూలుగుతుంటే గేరు దించండి, లేదా లోతు తగ్గించండి. మలుపులో, రివర్సులో రోటవేటర్ నేలకు ఆనకూడదు. బాగా పైకెత్తేటప్పుడు పీటీఓ తీసేయండి, లేదంటే క్రాసులు (షాఫ్ట్ చివర్ల కీళ్లు) టకటకా కొట్టుకుని త్వరగా అరుగుతాయి. తిరిగే షాఫ్ట్ దగ్గరికి లుంగీతో, కండువాతో, చీర కొంగుతో ఎవరినీ రానివ్వకండి. పైకవరు లేని షాఫ్ట్ అసలు వాడకండి.

తోటలో రోటవేటర్‌కు పెద్ద బెడద డ్రిప్ లేటరల్ పైపు. దున్నకముందే పైపులు ఎత్తి చెట్ల వరుసలోకి సర్దాలి. ఒక్క ముక్క చుట్టుకున్నా, రోటర్ రెండు చివర్లలో బేరింగ్ సందులోకి దూరి ఆయిల్ సీలును కోసేస్తుంది. సీలు పోతే గేర్ ఆయిల్ కారిపోతుంది, మన్ను లోపలికి చేరుతుంది. అందుకే సాయంత్రం ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, రోటవేటర్ కింద చెక్క దుంగ పెట్టి, చివర్లు తడిమి చూడండి. ప్లాస్టిక్ తాడు, గోనె దారం ఉంటే కత్తితో కోసి తీయండి. లిఫ్టును నమ్మి దుంగ లేకుండా కింద చెయ్యి పెట్టొద్దు.

కొత్త బ్లేడ్లు వేశాక గంట నడిపి బోల్టులన్నీ మళ్లీ బిగించండి. బ్లేడును తిరగేసి బిగిస్తే వీపుతో నేలను కొడుతుంది, కుదుపు మొదలవుతుంది. క్రాసులకు 8 గంటల పనికి ఒకసారి గ్రీజు పెట్టండి. నిప్పిల్ తుడిచాకే గన్ను పెట్టాలి, లేదంటే గ్రీజుతో పాటు ఇసుకను కూడా మీరే లోపలికి నెట్టినట్టు.

క్లచ్ మీద కాలు ఆనించి నడిపే అలవాటు ఉంటే మానుకోండి, ప్లేటు కాలిపోతుంది. రోడ్డెక్కేముందు రెండు బ్రేకు పెడల్స్ లాక్ చేసి, ఫోర్ వీల్ తీసేయండి. గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్ ఉంటే ముందు టైర్లు ఈడ్చుకుపోయి అరుగుతాయి, గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. గట్టు దాటేటప్పుడు తిన్నగా ఎదురుగా, నెమ్మదిగా ఎక్కండి, ఏటవాలుగా ఎక్కితే బండి పక్కకు ఒరుగుతుంది. ట్రాలీ, మందు ట్యాంకు ఏదైనా సరే డ్రాబార్‌కే (బండి వెనక కిందుగా ఉండే లాగుడు కడ్డీ) తగిలించి లాగండి. టాప్ లింకుకు గొలుసు కట్టి లాగితే ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుంది.

పని లేని నెలల్లో రోటవేటర్‌ను చెక్కల మీద దించి, బ్లేడ్లకు వాడిన ఇంజన్ ఆయిల్ పూయండి. వారానికోసారి బండి స్టార్ట్ చేసి ఇంజన్ పూర్తిగా వేడెక్కేదాకా నడపండి. బానెట్ తెరిచి వైర్లూ చూడండి. కొట్టంలో బండి పక్కన వేరుశనగ బస్తాలుంటే ఎలుకలు తప్పకుండా ఇంజన్ దాకా వస్తాయి.