రాకెట్ వార్తలకు ఖాతా పుస్తకం రాయడం ఎలా

సూళ్లూరుపేటలో మాది జిరాక్స్, స్టేషనరీ షాపు. శ్రీహరికోటలోని రాకెట్ కేంద్రం షార్‌లో రాకెట్ వదిలిన రోజు మాకు రెండు పనులుంటాయి. మేడెక్కి చూడటం ఒకటి, మర్నాటి నుంచి ఆ రాకెట్ బొమ్మ పిల్లలకి కలర్ ప్రింట్లు తీసివ్వడం ఇంకొకటి. 2019లో ఒక అబ్బాయి స్కూల్ ఎగ్జిబిషన్ కోసం చార్ట్ చేయించుకున్నాడు. "2022లో మనవాళ్లు మన రాకెట్‌లోనే అంతరిక్షానికి వెళ్తారు" అని పెద్ద అక్షరాలతో నేనే టైప్ చేశాను, ల్యామినేషన్ కూడా చేసిచ్చాను. 2018 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని చెప్పిన గడువే అది. 2022 వచ్చింది, పోయింది. ఆ అబ్బాయి ఇంటర్‌కి వచ్చాక ఓ రోజు షాపులో నిలబడి, "ఆంటీ, మీ ల్యామినేషన్ చెక్కుచెదరలేదు, లోపలి మ్యాటరే పాడైపోయింది" అన్నాడు.

అప్పటి నుంచి షాపు లెక్కలకి ఉన్నట్టే రాకెట్ వార్తలకీ ఒక ఖాతా పుస్తకం పెట్టాను. అంతరిక్షంలో ముందు ముందు ప్రభుత్వానిదా, ప్రైవేటుదా పైచెయ్యి అని షాపు ముందు వాదించుకునేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. ముందు పద్దు రాయండి, తర్వాత వాదించుకోండి. ఎలా రాయాలో చెప్తాను.

200 పేజీల లాంగ్ నోట్‌బుక్ చాలు. ఫోన్‌లో వద్దు, అందులో పాత మాట చెరిపేయడం మరీ తేలిక. ఎడమ పేజీ ఇచ్చిన మాటకి, కుడి పేజీ జరిగిన పనికి. మా భాషలో ఎడమది అరువు, కుడిది నగదు. ఎడమ వైపు తేదీ, ఎవరు అన్నారు, ఎప్పటికి చేస్తామన్నారు, ఈ మూడూ రాయాలి. "త్వరలో" అన్న మాటకి నా పుస్తకంలో చోటు లేదు. గడువు చెప్పని బాకీని ఏ కొట్లోనూ రాసుకోరు.

మాట ఎక్కడి నుంచి తీసుకోవాలన్నది ముఖ్యం. టీవీ స్క్రోలింగ్ నుంచి మాత్రం కాదు. కేంద్ర కేబినెట్ నిర్ణయాలు ప్రభుత్వ ప్రకటనలు ఇచ్చే పీఐబీ వెబ్‌సైట్‌లో ఉంటాయి, డబ్బు ఎంతో, ఎన్ని నెలల్లో పూర్తిచేయాలో కూడా అందులోనే రాస్తారు. ప్రయోగాల వివరాలకు ఇస్రో వెబ్‌సైట్. ప్రైవేటు కంపెనీల సంగతికి ఇన్‌స్పేస్. ఇది 2020లో ప్రకటించిన ప్రభుత్వ సంస్థ, ఆఫీసు అహ్మదాబాద్‌లో ఉంది. ప్రైవేటు వాళ్లు రాకెట్ వదలాలన్నా, ఉపగ్రహం పంపాలన్నా దీని అనుమతి కావాలి.

ఈ ఇన్‌స్పేస్ 2024 మొదట్లో ఒక జాబితా ఇచ్చింది. 2025 మార్చి వరకు, అంటే పదిహేను నెలల్లో, ప్రభుత్వానివీ ప్రైవేటువీ కలిపి సుమారు 30 ప్రయోగాలు అని. ఎడమ పేజీ నిండా రాసుకున్నాను. గడువు తీరాక కుడి పేజీ లెక్కపెడితే, వాతావరణాన్ని కొలిచే చిన్న సౌండింగ్ రాకెట్లు వదిలేసి, మా శ్రీహరికోట నుంచి ఎగిరినవి 7. మాటలు కోటలు దాటుతాయి, కాళ్లు గడప దాటవు అని మా అత్తయ్య ఊరికే అనేది కాదు. అయినా నాకు ఆ జాబితా మీద కోపం లేదు. మాట ఇచ్చి తేదీ చెప్పారు కాబట్టే లెక్క తేలింది.

కుడి పేజీలో మెట్లు గీయాలి. ఆలోచన, ఆమోదం, నేల మీద పరీక్ష, ఎగరడం, కక్ష్యలోకి చేరడం, అక్కడ పని చేయడం. వార్త ఏ మెట్టు మీద ఉందో అక్కడ టిక్ పెట్టండి. పేపర్లో "చంద్రయాన్-4 సిద్ధం" అని కనపడితే పీఐబీ తీసి చూడండి. 2024 సెప్టెంబర్ 18న కేబినెట్ 2,104 కోట్లతో ఆమోదించింది. అంటే ఆ వార్త రెండో మెట్టుది. అదే రోజు శుక్ర గ్రహ యాత్రకి 1,236 కోట్లు, కొత్త తరం రాకెట్‌కి 8,240 కోట్లు ఆమోదించారు. మూడు పద్దులూ పక్కపక్కన రాస్తే ప్రభుత్వం మనసు ఎక్కడుందో కొంత అర్థమవుతుంది. రాకెట్ బరువులు మోయలేకపోతే చంద్రుడి మాటా, స్పేస్ స్టేషన్ మాటా మాటలుగానే ఉండిపోతాయి, అందుకే పెద్ద మొత్తం దాని మీద పెట్టారు.

మెట్లలో జనం ఎక్కువగా పొరపడేది "ఎగరడం", "కక్ష్య" అనే రెండింటి దగ్గర. కొంచెం ఓపిగ్గా చదవండి. 2022 నవంబర్ 18న హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ తన విక్రమ్-ఎస్ రాకెట్‌ని మా దగ్గరి నుంచే వదిలింది. దేశంలో ఒక ప్రైవేటు కంపెనీ వదిలిన మొదటి రాకెట్ అది. 89.5 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్లి సముద్రంలో పడింది. పడిపోవడమేమిటి, ఫెయిలా అని ఆ వారం షాపులో చాలామంది అడిగారు. కాదు, అది అలా పడటానికే చేసిన రాకెట్. కక్ష్యలో నిలవాలంటే ఎత్తు ఒక్కటే సరిపోదు, అడ్డంగా సెకనుకి దాదాపు 7.8 కిలోమీటర్ల వేగం కావాలి. రాయిని పైకి విసిరితే పడుతుంది. భూమి గుండ్రం ఎంత వంగుతుందో రాయి కూడా అంతే పడుతూ పోయేంత వేగంగా అడ్డంగా విసిరితే, అది పడుతూనే ఉంటుంది గానీ నేలకి తగలదు. రాకెట్ ఇంధనంలో ఎక్కువ భాగం తినేది ఆ వేగమే. అందుకే విక్రమ్-ఎస్‌కి "ఎగరడం" మెట్టు మీద టిక్ పెట్టి, కక్ష్యకి వెళ్లాల్సిన విక్రమ్-1కి వేరే పేజీ తీశాను. 2024 మే 30న చెన్నై వాళ్ల అగ్నికుల్ వదిలిన రాకెట్‌కీ అదే మెట్టు. ఇంజిన్‌ని ఒకే ముక్కగా 3డి ప్రింటింగ్‌లో తీశారు, లాంచ్ ప్యాడ్ కూడా షార్ లోపల సొంతంగా కట్టుకున్నారు. అంత పని చేసినా టిక్ "ఎగరడం" మీదే. పద్దు రాసేటప్పుడు అభిమానం గల్లాపెట్టె కింద పెట్టాలి.

ఇక ఈ పుస్తకానికి ప్రాణం లాంటి గడి. డబ్బు ఎవరిది, బండి ఎవరిది, పేలితే నష్టం ఎవరికి? ఈ మూడు ప్రశ్నలకీ విడివిడిగా జవాబు రాయండి. "ప్రభుత్వం", "ప్రైవేటు" అనే మాటలు ఎంతలా కలిసిపోయి ఉన్నాయో అప్పుడు దానంతట అదే తెలుస్తుంది.

ఉదాహరణకి 2025 జూన్ 25. మన వ్యోమగామి శుభాంశు శుక్లా స్పేస్ స్టేషన్‌కి బయల్దేరిన రోజు. టికెట్ డబ్బు మన ప్రభుత్వానిది. యాత్ర నడిపింది యాక్సియమ్ అనే అమెరికా ప్రైవేటు కంపెనీ. రాకెట్, నౌక స్పేస్‌ఎక్స్ అనే ఇంకో అమెరికా ప్రైవేటు కంపెనీవి. చేరిన స్టేషన్ కొన్ని దేశాల ప్రభుత్వాలు కలిసి కట్టింది. ఇది ప్రభుత్వ యాత్రా, ప్రైవేటు యాత్రా? నేనైతే నాలుగు గడుల్లో నాలుగు పేర్లు రాసి ఊరుకున్నాను. స్పేస్‌ఎక్స్ పద్దు కూడా ఇలాగే తీయాలి. మొదటి మూడు ఫాల్కన్-1 రాకెట్లు పోయాయి, 2008 సెప్టెంబర్ 28న నాలుగోది కక్ష్యకి చేరింది. ఆ డిసెంబర్‌లోనే నాసా 12 సరుకు యాత్రలకి 160 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది. సొంత రెక్కల మీదే ఎగిరారనేవాళ్లకి ఆ పేజీ తీసి చూపిస్తాను.

మన దగ్గర దీనికి తిరగేసిన పద్దు ఒకటుంది. 2024 నవంబర్ 19న మన జీశాట్-ఎన్2 ఉపగ్రహాన్ని అమెరికా నుంచి స్పేస్‌ఎక్స్ రాకెట్ ఫాల్కన్-9 తీసుకెళ్లింది. బరువు 4,700 కిలోలు, అప్పటికి మన పెద్ద రాకెట్ ఎల్‌వీఎం3 ఆ కక్ష్యకి మోయగలిగింది సుమారు 4,000. ప్రభుత్వ ఉపగ్రహానికి ప్రైవేటు బండి కిరాయికి తీసుకున్నారన్నమాట. మళ్లీ 2025 నవంబర్ 2న అదే ఎల్‌వీఎం3 4,410 కిలోల సీఎంఎస్-03ని తీసుకెళ్లింది. రెండూ ఒకే పేజీలో ఉండాలి, లేకపోతే మొదటిదాన్ని చూసి ఏడ్చేవాళ్లూ రెండోదాన్ని చూసి ఎగిరేవాళ్లూ ఎప్పటికీ కలుసుకోరు.

ఈ గడి నింపితే పేపర్ల తప్పులు కూడా దొరుకుతాయి. చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ టెక్నాలజీని 2025 జూన్‌లో 511 కోట్ల బిడ్‌తో హెచ్‌ఏఎల్ దక్కించుకుంది. "ప్రైవేటుకి అప్పగించారు" అని ఎన్ని చోట్ల చదివానో. హెచ్‌ఏఎల్ కేంద్ర ప్రభుత్వ సంస్థే కదా!

ఖాతా ఎప్పుడు మూయాలి? రాకెట్ ఎగిరిన రోజున మాత్రం మూయకండి. నేను చేసిన తప్పే చెప్తాను. 2025 జనవరి 29, శ్రీహరికోట నుంచి వందో ప్రయోగం. తెల్లవారుజామున 6 గంటల 23 నిమిషాలకి వదిలారు. ముందు వెలుగు, దాదాపు నిమిషం తర్వాత మేడ మీదకి శబ్దం. కిందికి దిగి షాపులో చాక్లెట్లు పంచి, అందులో వెళ్లిన దారి చూపే ఉపగ్రహం ఎన్‌వీఎస్-02 పద్దులో "సక్సెస్" అని ఎర్ర పెన్నుతో రాసి గీత కొట్టేశాను. రాకెట్ తన పని తను చేసింది, నిజమే. కానీ ఉపగ్రహంలో ఒక వాల్వ్ తెరుచుకోక ఇంజిన్ మండలేదు, అనుకున్న కక్ష్యకి అది చేరలేదు. నాలుగు రోజుల తర్వాత ఆ గీత పక్కన బాణం గుర్తు వేసి అసలు సంగతి రాయాల్సి వచ్చింది. ఇప్పుడు ఎగిరిన మూడు నెలల తర్వాతే ఖాతా మూస్తున్నాను. వైట్‌నర్ వాడకండి. మా షాపులో అమ్ముతాం, అయినా చెప్తున్నాను. తప్పు కనపడాలి.

పోయిన రాకెట్లకి ఒక గడి అదనంగా పెట్టండి, "ఏం పోయిందో చెప్పారా?" అని. 2025 మే 18న ఇస్రో రాకెట్ పీఎస్‌ఎల్‌వీ-సీ61 మూడో దశలో ఒత్తిడి పడిపోయి ఆగిపోయింది. అంతమటుకు ఇస్రో ఆ రోజే చెప్పింది. ప్రభుత్వం మన డబ్బుతో నడుస్తుంది కాబట్టి అడిగే హక్కు మనది. ప్రైవేటు కంపెనీ పెట్టుబడిదారులకి చెప్పినంత మనకి చెప్పాలని లేదు, చెబితే మాత్రం నేను పేరు పక్కన చుక్క పెడతాను.

ఆరు నెలలకోసారి పుస్తకం మొదటి నుంచి తిరగేయండి. నాకు కనపడింది ఇది. మనిషిని పంపడం, స్టేషన్ కట్టడం, చంద్రుడు లాంటి లాభం లేని భారీ పనులు ప్రభుత్వం తన దగ్గరే పెట్టుకుంటోంది, స్టేషన్‌కి 2035 అనీ, చంద్రుడి మీద మనిషికి 2040 అనీ గడువు చెప్పింది. చిన్న రాకెట్లు, చిన్న ఉపగ్రహాలు మెల్లగా బయటికి వెళ్తున్నాయి. కానీ బయటికెళ్లిన వాళ్ల రాకెట్లు కూడా షార్ గేటు లోపలి నుంచే ఎగురుతున్నాయి, భద్రతా ఏర్పాట్లు ఇస్రోవే. కాపురం వేరు పెట్టినా వంటిల్లు ఇంకా ఒకటే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఒక తేలికైన పద్దు ఇస్తాను. 2025 జనవరిలో శ్రీహరికోటలో మూడో లాంచ్ ప్యాడ్‌కి కేబినెట్ ఆమోదం ఇచ్చింది. 3,984.86 కోట్లు, గడువు 48 నెలలు. ఎడమ పేజీలో ఇంతే రాయండి. కుడి పేజీ పైన "2029 జనవరి" అని పెన్సిల్‌తో వేసి, మిగతాదంతా ఖాళీగా వదిలేయండి.