మేడమీద ద్రాక్ష: 4వ పాఠం (కత్తెర గొడవలు, కళ్ళ లెక్క)

ఈసారి మైలుతుత్తం, సున్నం కలిపి, తెగుళ్ళకి కొట్టే బోర్డో మిశ్రమం చేయడం చెప్తానన్నాను. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నా. మూడో పాఠం తెచ్చిన గోల ముందు తీరాలి.

తప్పు నాదే. ఫ్రాన్స్‌లో బర్గండీ వైపు, తాతల నాటి నుంచి వైన్ తోటలు నడిపే కుటుంబాలు చలికాలంలో ఆకు రాలాక ఒక్కసారే కత్తిరిస్తారని, ఒక పొడుగు కొమ్మ, పక్కన రెండు కళ్ళ (చిగురు పుట్టే మొగ్గల) మోడు ఉంచి మిగతాది తీసేస్తారని, దాన్ని గుయో పద్ధతి అంటారని రాశాను. సరదాగా చదువుకుంటారనుకున్నా. మీరేమో సంక్రాంతి సెలవుల్లో మధురవాడ నుంచి గాజువాక దాకా కత్తెరలు పట్టుకుని మేడలెక్కి తీగలు కోసేశారు.

అక్కడి తీగకి చలికాలం నిద్ర. విశాఖలో జనవరిలోనూ తీగ పచ్చగానే ఉంటుంది, దానికి నిద్రెక్కడిది? అందుకే మన దేశంలో ఇలా తీగ నిద్రపోని చోట్ల రెండు కత్తిరింపులు. నాసిక్ రైతులు ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబర్‌లో ఒకటి చేస్తారు. ఏప్రిల్‌ది కొమ్మ కోసం, అక్టోబర్‌ది గుత్తి కోసం. ఏప్రిల్‌లో కోశాక పుట్టిన కొమ్మల కళ్ళలో, సుమారు 40 నుంచి 60 రోజుల మధ్య, గుత్తి వస్తుందా నులితీగ (ఊతాన్ని చుట్టుకునే సన్న తీగ) వస్తుందా అన్నది తేలిపోతుంది. ఆ రోజుల్లో కొమ్మకి ఎండ తగలాలి. పందిరి మీద దుప్పట్లు ఆరేయకండి.

కోసిన చోట నీళ్ళు కారుతున్నాయని కంగారుపడి ఒకరు పసుపు పూశారు, ఇంకొకరు కొవ్వొత్తి మైనం కరిగించి పోశారు. ఏమీ అక్కర్లేదు. వేరు నీరు తోస్తోంది, పైన తాగడానికి ఆకు లేదు, కారుతుంది. చిగురు వేస్తే ఆగుతుంది. ఫ్రెంచివాళ్ళు దాన్ని తీగ కన్నీళ్ళు అంటారు. కాకపోతే ఆ నీళ్ళు కంటి మీద పడకుండా, కంటికి బొటనవేలు వెడల్పు పైన, వాలు అవతలి వైపు ఉండేలా కోయండి.

ఇక నా ప్రాణం తీసేది కళ్ళ లెక్క. "రెండు కళ్ళు వదిలాను, ఆకులే వచ్చాయి, పువ్వేది?" పదిమంది దాకా ఇదే అడిగారు. రెండు కళ్ళు ఏప్రిల్ లెక్క! గుత్తి కోసం కోసేటప్పుడు రెండే వదిలితే, థామ్సన్ సీడ్‌లెస్ లాంటి రకానికి అడుగు కళ్ళలో గుత్తులు దాదాపు ఉండవు, అవి పైన ఉంటాయి. కనీసం ఐదారు కళ్ళు వదలాలి, కొమ్మ బలంగా ఉంటే ఇంకా ఎక్కువ. బెంగళూరు బ్లూ రకానికి అంత పొడుగు అక్కర్లేదు. మీది ఏ రకమో నర్సరీవాడికీ తెలియకపోతే కొన్ని కొమ్మలు పొట్టిగా, కొన్ని పొడుగ్గా కోసి చూడండి, తీగే చెప్తుంది. ఇంకోమాట, లెక్క ఎక్కడ మొదలుపెడుతున్నారు? పాత కొమ్మని అంటుకుని ఉబ్బినట్టుండే చిన్న కన్ను ఒకటో నంబరు కాదు. దాన్ని వదిలేసి, స్పష్టంగా కణుపు కనిపించే చోటు నుంచి ఒకటి. మళ్ళీ చెప్తున్నా, ఉబ్బు లెక్కలోకి రాదు. పెన్సిల్ లావు, గోధుమ రంగు, గుండ్రటి కొమ్మలే ఉంచండి. పచ్చివీ పల్చటివీ ఎంత ముద్దొచ్చినా తీసేయండి. నాసిక్‌లో పెద్ద రైతులు కోసేముందు కళ్ళని ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద చూపించుకుంటారు. మనకి వేళ్ళే మైక్రోస్కోప్.

అక్టోబర్ అన్నాను గానీ నేను మాత్రం కార్తీక పౌర్ణమి దాటాకే కత్తెర తీస్తా. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చింది అక్టోబర్ 12న. లేత చిగురు మీద నాలుగు రోజులు వాన పడితే బూజు తెగులు తప్పదు. కాయ ఆలస్యమైతే అయింది.

జనవరిలో కోసేసినవాళ్ళు గుప్పెడు గుప్పెడు పశువుల ఎరువు వేసి ఊరుకోండి, ఉగాది దాటాక అందరితోపాటు మళ్ళీ కోద్దురుగాని.

అభ్యాసం: ఏప్రిల్ కోత తర్వాత పది కొమ్మలకి పది రంగుల దారాలు కట్టండి. నవంబర్ దాకా ప్రతి ఆదివారం ఒక్కో కొమ్మ పొడుగు, కళ్ళ సంఖ్య, నులితీగ ఏ కణుపు దగ్గర పుట్టిందో నోటుపుస్తకంలో రాయండి. ఎండకి వెలిసిపోయే దారాలు వద్దు, అన్నీ ఒకేలా కనిపిస్తాయి.