కొండెక్కే ముందే ఫోన్‌లో హద్దులు పెట్టుకోండి

అడ్డాకులకో, కొండచీపుర్లకో, తప్పిపోయిన మేక కోసమో కొండెక్కిన ప్రతివాళ్లకీ ఎక్కడో ఒకచోట అనుమానం వస్తుంది, ఇప్పుడు నేను నిల్చున్నది ఎవరి నేల అని. ఒడిశాలోని మా పర్లాకిమిడి చుట్టుపక్కల ఇది మరీ ఎక్కువ. ఒక గట్టు దాటితే జీడితోట, గెడ్డ దాటితే ఫారెస్టు, మహేంద్రతనయ నది దాటితే ఏకంగా ఇంకో రాష్ట్రం, ఆంధ్ర. ఫోన్ సరిగ్గా వాడితే ఈ అనుమానం చాలావరకు తీరుతుంది, తప్పుగా వాడితే మాత్రం లేని గొడవ మొదలవుతుంది. రెండూ చూశాను కాబట్టి రాస్తున్నాను.

అమెరికాలో వేటగాళ్లు ఆన్‌ఎక్స్ హంట్ లాంటి యాప్‌లు వాడతారు. అందులో ప్రతి కమతం చుట్టూ గీత ఉంటుంది, యజమాని పేరు ఉంటుంది, ప్రభుత్వ భూమి వేరే రంగులో కనిపిస్తుంది. అక్కడ వేటకి లైసెన్సులు ఇస్తారు కాబట్టి వాళ్లకి అది పనికొస్తుంది. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం, కుందేలైనా అడవిపందైనా సరే, అందుకే వేట సంగతి ఇక్కడితో వదిలేస్తున్నాను. హద్దు తెలుసుకుని నడవడం మాత్రం మనకీ అంతే అవసరం. కాకపోతే గూగుల్ మ్యాప్స్‌లో మన పొలాల గీతలు ఉండవు, వాటిని మనమే పెట్టుకోవాలి.

మొదట కాగితం చూడండి. ఒడిశా భూలేఖ్ సైట్‌లో జిల్లా, తహసీల్, ఆర్.ఐ. (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) సర్కిల్, ఊరు ఎంచుకుని ఖాతా నంబరుతోనో, ప్లాట్ నంబరుతోనో, పట్టాదారు పేరుతోనో వెతికితే పట్టా వివరాలు వస్తాయి. అవి ఒడియాలో ఉంటాయి. మనలో చాలామందికి ఒడియా మాట్లాడటం వచ్చు కానీ చదవడం రాదు, అలాంటప్పుడు స్కూలుకెళ్లే పిల్లల చేత చదివించుకోండి, అందులో తప్పేం లేదు. అందరూ విస్తీర్ణం చూసి ఆగిపోతారు, కిసమ్ (అంటే ఏ రకం నేలో) అని రాసి ఉన్నది కూడా తప్పకుండా చదివించండి. గోచర్ (పశువుల మేత నేల) అనో, జంగల్ అనో ఉందంటే అది చాలావరకు ఎవరి సొంతమూ కాదు, పక్కాయన పదేళ్లుగా దున్నుతున్నా సరే. తర్వాత భూనక్ష సైట్‌లో అదే ప్లాట్ నంబరు కొడితే దాని ఆకారం, చుట్టూ ఉన్న ప్లాట్ల నంబర్లు కనిపిస్తాయి. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

నది అవతల పాతపట్నం వైపు భూమి ఉన్నవాళ్లకి ఈ సైట్లు పనికిరావు, అక్కడ ఆంధ్ర వాళ్ల మీభూమి సైట్‌లో సర్వే నంబరుతో వెతకాలి. కొలత చూసి కంగారు పడొద్దు, ఇక్కడి డెసిమల్, అక్కడి సెంటు ఒకటే, రెండూ ఎకరంలో వందో వంతు.

ఇప్పుడు అసలు పని, నేల మీద మూలలు గుర్తించడం. భూనక్షలోని గీతని తీసుకెళ్లి శాటిలైట్ ఫోటో మీద కళ్లతో అతికించి ఇదే నా హద్దు అనుకోకండి. ఆ ఫోటో కూడా కొండ వాలుల్లో కొన్ని మీటర్లు పక్కకి జరిగి ఉండొచ్చు. పక్క పొలం వాళ్లని వెంటబెట్టుకుని, పాత సరిహద్దు రాయి ఉన్న ప్రతి మూలకీ నడవండి. మూల దగ్గర ఫోన్ పట్టుకుని రెండు మూడు నిమిషాలు కదలకుండా నిల్చోండి, మ్యాప్‌లో మీరున్న చోటు చూపించే చుక్క చుట్టూ ఉన్న నీలం వలయం చిన్నదయ్యాక పిన్ పెట్టండి. ఆర్గానిక్ మ్యాప్స్ గానీ ఓస్మ్‌అండ్ గానీ చాలు, రెండూ ఉచితంగా దొరుకుతాయి, నెట్ లేకపోయినా పనిచేస్తాయి. పిన్నుకి పేరు కూడా అర్థమయ్యేలా పెట్టండి, "తూర్పు రాయి, పనస చెట్టు పక్కన" అని, ఎందుకంటే ఆరు నెలల తర్వాత "పిన్ 4" అంటే ఏదో మీకే గుర్తుండదు.

పోయిన వేసవిలో మా జీడితోట చివర, లాంటానా పొదలు కొట్టించాక రాయి బయటపడింది. సగం భూమిలో కూరుకుపోయింది, పైన నాచు పట్టి ఉంది. దాని మీదే ఫోన్ పెట్టాను. పొద్దున చుక్క మా వైపు చూపించింది. సాయంత్రం అదే రాయి మీద పెడితే మామయ్య తోటలోకి ఏడెనిమిది అడుగులు జరిగింది. పక్కనే చూస్తున్న మామయ్య "ఏటిరా, ఫోన్ చెప్తే రాయి జరుగుతాదేటి?" అన్నాడు. ఆయన అన్నదే సరైన మాట. చుక్కే కదిలింది, రాయి కదల్లేదు.

మామూలు ఫోన్ జీపీఎస్ తేటగా ఉన్న ఆకాశం కింద కూడా దాదాపు 5 మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. దట్టమైన చెట్ల కింద, రెండు కొండల మధ్య లోయలో ఆ తేడా ఇంకా పెరుగుతుంది. 5 మీటర్లంటే ఎంతో లెక్కేసుకోండి. 50 డెసిమళ్ల చదరపు పొలం ఒక్కో వైపు సుమారు 45 మీటర్లు ఉంటుంది. ఆ ఒక్క వైపు హద్దు 5 మీటర్లు జరిగితే పోయేది అయిదున్నర డెసిమళ్లు. అంత నేల కోసం అన్నదమ్ములు కోర్టులకెక్కిన ఊళ్లు మనకి తెలుసు. అందుకే ఫోన్ గీత చూపించి కంచె వేయొద్దు, ఎవరి చెట్టూ కొట్టొద్దు. గీత మీద పట్టుదల వస్తే తహసీల్ ఆఫీసులో కొలత కోసం దరఖాస్తు పెట్టండి, అమీన్, అంటే సర్వేయరు, వచ్చి కొలిచిందే లెక్క.

కొండ మీదికి వెళ్లేటప్పుడు ఇంకో పద్ధతి. బయల్దేరే ముందు ఇంట్లో వైఫై మీదో, టౌన్‌లోనో మీ ప్రాంతం మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి. గూగుల్ మ్యాప్స్ ఆఫ్‌లైన్‌లో శాటిలైట్ ఫోటో రాదు, రోడ్ల మ్యాపే వస్తుంది, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. సిగ్నల్ లేకపోతే జీపీఎస్ రాదన్నది అపోహ. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టినా చుక్క కదులుతుంది, పైగా బ్యాటరీ మిగులుతుంది, కాకపోతే మొదటిసారి లొకేషన్ దొరకడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, అందుకే చెట్లలోకి వెళ్లకముందే ఆరుబయట ఆన్ చేసి చుక్క నిలబడేదాకా ఆగండి. నడక మొదలెట్టగానే ట్రాక్ రికార్డింగ్ వేయండి. దారి తప్పినా వచ్చిన గీత మీదే వెనక్కి రావచ్చు, తర్వాత ఎవరైనా మా తోటలోకి వచ్చావన్నా చూపించడానికి ఉంటుంది.

హద్దు గీత దగ్గరపడుతుంటే ఇరవై పాతిక అడుగుల ముందే ఆగే అలవాటు చేసుకోండి. ఫోన్ తప్పు ఎటువైపు ఉందో మనకి తెలియదు కాబట్టి ఆ దూరం వదిలేయడమే మంచిది. ఫారెస్టు వైపైతే ఇంకా ఎక్కువ వదలండి. గజపతి జిల్లాలోనే లఖారీ వ్యాలీ అభయారణ్యం ఉంది, ఏనుగులు తిరిగే చోటు, అనుమతి లేకుండా అభయారణ్యంలోకి వెళ్లడమే కేసు, అక్కడి నుంచి ఏదైనా తెస్తే ఇంకో కేసు. ఆ వైపు వెళ్లే పని ఉంటే ముందు బీట్ గార్డుని అడగండి.

చీకటి పడ్డాక మాత్రం మీ హద్దు ఎంత బాగా తెలిసినా పక్క తోటలోకి అడుగు పెట్టొద్దు. పందుల కోసం కొందరు దొంగతనంగా కరెంటు తీగలు కడుతున్నారు, అవి ఏ యాప్‌లోనూ కనిపించవు. మేక అటు పోయిందంటే గట్టు మీదే నిలబడి, తోట వాళ్లకి ఫోన్ చేసి లేపండి, వాళ్లు వచ్చి ముందు నడిచాకే వెనక వెళ్లండి.