ఎలక్ట్రిక్ గిటార్ నేర్చుకుందాం – 6వ పాఠం: బాడీ చెక్క

పోయిన పాఠంలో పికప్ (తీగల కింద ఉండి వాటి కదలికను కరెంటుగా మార్చే భాగం) ఎత్తు సరిచేసుకున్నాం. ఆ స్క్రూడ్రైవర్ లోపల పెట్టేయకండి, ఇవాళ కూడా పనుంది. దానితోపాటు ఒక నోటుబుక్కు, స్టాప్‌వాచ్ ఉన్న ఫోను, ఒక కేపో (గిటార్ మెడకు తగిలించే బిగింపు క్లిప్పు) దగ్గర పెట్టుకోండి.

ముందు నా సంగతి చెప్తాను. మొదటి ఎలక్ట్రిక్ గిటార్ కొన్నప్పుడు షాపతను "ఇది మహాగని సార్, టోన్ వార్మ్‌గా ఉంటుంది" అన్నాడు. పక్కనున్న గిటార్ కంటే రెండు వేలు ఎక్కువైనా అదే తెచ్చుకున్నాను. రెండేళ్ళపాటు ఇంటికొచ్చిన ప్రతివాడికీ వాయించి చూపిస్తూ "మహాగని కదా, ఆ లోతు వేరు" అని చెప్పాను. ఒకరోజు ఏదో గరగర వస్తోందని పికప్ విప్పాను. లోపల గుంత అంచు చూస్తే పొరలు పొరలుగా, తాపేశ్వరం మడత కాజా కొరికి చూసినట్టుంది. ప్లైవుడ్! పైన మాత్రం ఎర్రటి మహాగని రంగు పూత. షాపతని మీద కోపం రెండ్రోజుల్లో పోయింది. కానీ ఇంకో ప్రశ్న మాత్రం వదల్లేదు. రెండేళ్ళుగా నా చెవికి వినిపించిన ఆ మహాగని ఏమిటి?

ఈ పాఠం దాని గురించే.

బొబ్బిలి వీణ తీసుకోండి. ఒకే పనస దుంగను తొలిచి చేసే ఏకాండి వీణలో తీగ కదలిక గుర్రం మీదుగా పలకకు చేరి, కుండలోని గాలిని కదిలిస్తుంది. మనం వినేది ఆ చెక్క, ఆ గాలి కలిసి చేసిన ధ్వని. అక్కడ చెక్క మారితే నాదం మారుతుందంటే ఎవరూ కాదనరు. ఎలక్ట్రిక్ గిటార్‌లో మధ్యలో పికప్ ఉంది. అందులో అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి తీగ చుట్ట. పైన ఉక్కు తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, చుట్టలో కరెంటు పుడుతుంది, అదే కేబుల్ వెంట యాంప్‌కి (ధ్వని పెంచే పెట్టెకి) పోతుంది. ఈ దారిలో చెక్క ఎక్కడా లేదు. నమ్మకం లేకపోతే నైలాన్ తీగ బిగించి చూడండి, ఎంత గట్టిగా మీటినా యాంప్ దాదాపు మౌనంగానే ఉంటుంది. పికప్‌కి కావలసింది ఇనుము కదలడమే.

అలాగని చెక్క పాత్ర సున్నా అనడం కూడా తప్పే. తీగ రెండు కొసలూ నట్ (మెడ పైకొసన తీగలు ఆనే చిన్న కమ్మీ) మీద, బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే భాగం) మీద ఆనుకుని ఉన్నాయి. అవి ఏ మాత్రం కదిలినా తీగ తన శక్తిలో కొంత వాటికి ఇచ్చేస్తుంది, ఆ స్వరం త్వరగా ఆరిపోతుంది. ఎలక్ట్రిక్ గిటార్‌లో చెక్క ధ్వనికి కొత్తగా ఏమీ కలపదు, ఉన్నదాంట్లోంచి కొంచెం తినేస్తుంది. ఎంత తింటుంది, ఏ స్వరం దగ్గర తింటుందన్నదే తేడా. ఇందులో కూడా పెద్ద దొంగ బాడీ కాదు, నెక్, అంటే మెడ. బాడీ నాలుగున్నర సెంటీమీటర్ల మందాన దిమ్మలా ఉంటుంది. నెక్ సన్నగా, పొడుగ్గా ఉండి సులభంగా ఊగుతుంది.

ఇది చేత్తో తెలుసుకోవచ్చు. మూడో తీగ మీద ఓపెన్ నుంచి 12వ ఫ్రెట్ (మెట్టు) దాకా ఒక్కో స్వరం మీటండి. మీటే బలం ఒకేలా ఉండాలి, నొక్కిన వేలు కదలకూడదు. ప్రతి స్వరం ఎన్ని సెకన్లు వినిపించిందో నోటుబుక్కులో రాయండి. పైకి పోయేకొద్దీ సమయం మెల్లగా తగ్గడం మామూలే. కానీ ఎక్కడో ఒకచోట అటుఇటు స్వరాల కంటే ఒక స్వరం తొందరగా చచ్చిపోతుంది. దాన్నే డెడ్ స్పాట్ అంటారు. మూడో తీగ మీద దొరక్కపోతే రెండో తీగ మీద వెతకండి. దొరికాక హెడ్‌స్టాక్‌కి (తీగలు బిగించే బిరడలుండే కొసకి) కేపో తగిలించి, ఆ నాలుగైదు ఫ్రెట్లే మళ్ళీ కొలవండి. హెడ్‌స్టాక్ బరువెక్కేసరికి నెక్ ఊగే వేగం తగ్గుతుంది, డెడ్ స్పాట్ పక్కకు జరుగుతుంది లేదా బలహీనపడుతుంది. బాడీ అదే, చెక్క అదే, అయినా గిటార్ ప్రవర్తన మారింది చూశారా?

ఇంకొకటి. ప్లగ్ తీసేసి, హెడ్‌స్టాక్ కొసను చెక్క బీరువా తలుపుకి మెల్లగా ఆనించి మీటండి. గది నిండా మోగుతుంది. ఇప్పుడు ప్లగ్ పెట్టి, హెడ్‌ఫోన్స్ చెవికి పూర్తిగా బిగించుకుని అలాగే చేయండి. ఆ గొప్ప తేడాలో ఎంత మిగిలింది? షాపులో గిటార్ ప్లగ్ పెట్టకుండా వాయించి, పొట్టకు తగిలే కంపనం చూసి "చెక్క భలే పలుకుతోంది" అనుకునేవాళ్ళు ఈ పని ఒక్కసారి చేయాలి.

అసలు కొందరు చెక్క లేకుండానే పని కానిచ్చారు. రికెన్‌బాకర్ కంపెనీ 1930ల మొదట్లో అమ్మిన "ఫ్రయింగ్ పాన్" పోతపోసిన అల్యూమినియం, నిజంగానే పెనంలా ఉండేది. గిటారిస్టు లెస్ పాల్ 1940 ప్రాంతంలో నాలుగంగుళాల చదరపు పైన్ దుంగ మీద తీగలు బిగించాడు. దుంగను చూసి జనం మొహం తిప్పుకుంటే, మామూలు గిటార్‌ని రెండు ముక్కలుగా కోసి అటూ ఇటూ రెక్కల్లా తగిలించాడు. ఆ రెక్కలు కంటికోసమే! డాన్‌ఎలక్ట్రో గిటార్ల మీద వేసింది మేసనైట్ అట్ట (చెక్క పీచును గట్టిగా అదిమి చేసేది). డాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1969లో పారదర్శకమైన ప్లాస్టిక్ దిమ్మతో గిటార్ తయారుచేశాడు. క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయాన్ మే, వాళ్ళ నాన్న కలిసి 1963లో మొదలుపెట్టిన గిటార్ నెక్ పాత పొయ్యిగూటి మహాగని కొయ్య. వీటన్నిటి మీదా గొప్ప సంగీతం వచ్చింది.

ఫెండర్ కంపెనీ సంగతి మరీ తమాషా. వాళ్ళ స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్) గిటార్ 1954లో యాష్ చెక్కతో వచ్చింది. 1956లో ఎక్కువ వాటికి ఆల్డర్‌కి మారారు. యాష్‌లో పెద్ద రంధ్రాలుంటాయి, రంగు వేసేముందు వాటిని పూడ్చాలి. ఆల్డర్‌కి ఆ బాధ తక్కువ. లేత పసుపు బ్లాండ్ రంగు గిటార్లకు మాత్రం యాష్ ఉంచారు, ఆ రంగులోంచి చెక్క గీతలు అందంగా కనిపిస్తాయని. 2020లో కంపెనీ మళ్ళీ యాష్ బాగా తగ్గించుకుంది. కారణం చెట్లను తినే ఒక పురుగు, వరదలు. ఇప్పుడు మనం వేదంలా వల్లించే "యాష్ ఇలా, ఆల్డర్ అలా" అనే మాటల వెనక రంగు పనివాళ్ళ సౌకర్యం కూడా ఉందన్నమాట.

మరి గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ మోడల్ గిటార్ మందంగా, స్ట్రాట్ కణకణలాడుతూ ఎందుకు వినిపిస్తాయి అంటారా? ఒకదాని తీగ పొడవు 24.75 అంగుళాలు, రెండోదానిది 25.5. ఒకదాంట్లో హంబకర్లు (రెండు చుట్టల పికప్‌లు), రెండోదాంట్లో సింగిల్ కాయిల్స్ (ఒకే చుట్టవి). నాబ్‌ల రెసిస్టెన్స్ ఒకచోట 500 కిలోఓమ్‌లు, మరోచోట 250. బ్రిడ్జి వేరు, నెక్ అతికించే తీరు వేరు. ఉప్పు, కారం, చింతపండు అన్నీ మార్చేసి, గిన్నె మారడం వల్లే పులుసు రుచి మారిందంటే ఎలా?

కేబుల్ ఒక్కటి చూడండి. సింగిల్ కాయిల్ పికప్‌కి 3 మీటర్ల మామూలు కేబుల్ పెడితే దాని రెజొనెన్స్ (పికప్ ఎక్కువగా స్పందించే చోటు) సుమారు 5 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అదే 10 మీటర్లది పెడితే 3 కిలోహెర్ట్జ్ దగ్గరికి దిగిపోతుంది. పై మెరుపు పోయి గొంతు మందమవుతుంది. చాలామంది దీన్నే చెక్క గుణం అనుకుంటారు. నా ప్లైవుడ్ "మహాగని" వెనక కూడా గది ఈ మూల నుంచి ఆ మూల దాకా సాగే పాత కేబుల్ ఉండేది లెండి.

ఇక ఇంటిపని. ఒకే చిన్న ముక్కను ఆరుసార్లు రికార్డు చేయండి. మామూలుగా ఒకటి, టోన్ నాబ్ 7 మీద ఒకటి, పికప్ ఒక మిల్లీమీటరు దించి ఒకటి, బ్రిడ్జి దగ్గర మీటి ఒకటి, నెక్ దగ్గర మీటి ఒకటి, మళ్ళీ మొదటిలాగే ఇంకొకటి. ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటే ఫైళ్ళ పేర్లు తారుమారు చేయమనండి. మర్నాడు పొద్దున విని ఏది ఏదో రాయండి. మొదటిదీ ఆఖరిదీ ఒకటేనని గుర్తుపట్టలేకపోతే సిగ్గుపడక్కర్లేదు, నేనూ పట్టలేకపోయాను.

కొనేటప్పుడు చెక్క చూడొద్దా అంటే, చూడండి, వేరే కారణాలకి. మొదటిది బరువు. 3.2 కిలోల గిటార్‌కీ 4.5 కిలోల గిటార్‌కీ తేడా రెండు గంటలు నిలబడి వాయించాక భుజం చెప్తుంది. షాపుకి లగేజీ తూచే చిన్న కొక్కెం త్రాసు పట్టుకెళ్ళండి, నవ్వితే నవ్వనివ్వండి. రెండోది మెత్తదనం. బాస్‌వుడ్ తేలిక, కానీ గోరు నొక్కినా గుంట పడేంత మెత్తన. స్క్రూలు పదేపదే విప్పి బిగిస్తే మరలు అరిగిపోతాయి. మూడోది పేరు. తక్కువ ధర గిటార్లలో మహాగని అని రాసి ఉన్నది తరచుగా నాటో, సపేలే లాంటి వేరే చెట్లు. అవి చెడ్డవి కావు, కానీ ఆ పేరుకి అదనంగా డబ్బివ్వకండి. విశాఖ లాంటి తేమ ఊళ్ళో ఉండేవాళ్ళు బాడీ కంటే నెక్ మీద కన్నేయండి, వానాకాలానికి వంగేది అదే. ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ) సరిగ్గా తిరుగుతోందో లేదో షాపులోనే తిప్పి చూపించమనండి.

వచ్చే పాఠం తీగల మందం గురించి. 9 సెట్టు (సన్న తీగలు) ఒకటి, 10 సెట్టు (కాస్త మందమైనవి) ఒకటి, మీ బ్రిడ్జికి సరిపోయే అలెన్ కీ తెచ్చిపెట్టుకోండి. ఇవాళ రాసిన డెడ్ స్పాట్ సెకన్ల పేజీ చింపేయకండి, కొత్త తీగలు వేశాక మళ్ళీ అవే ఫ్రెట్లు కొలుస్తాం.